వేగవర్ధక కార్డుకు పైథాను అమరిక

మదనపల్లెలోని నీరుగట్టువారిపల్లెలో పట్టుచీర నేసే మగ్గాన్ని చూచినవారికి ఒక సంగతి తెలిసే ఉంటుంది. నేతగాడు కాలితో చెక్కను తొక్కగానే పడుగులోని పోగులు వందలకొద్ది ఒక్కసారిగా పైకి లేస్తవి. ఆ సందులోనుండి నాడె దూసుకొనిపోతుంది. ఒక్కొక్క పోగును చేతితో ఎత్తవలసివస్తే చీర పూర్తి అయ్యేదెన్నడు? కంప్యూటరులో అమర్చే వేగవర్ధక కార్డు చేసే పని సరిగా ఇటువంటిదే. ఈ పోలిక మనం కల్పించినది కాదు. ఎన్విడియా సంస్థ తన కార్డులకు ప్రోగ్రాములు వ్రాయడానికై 2007లో విడుదల చేసిన క్యూడా అనే ఏర్పాటులో, ఒకే ఆజ్ఞను కలిసి పాటించే 32 గణన ధారల గుంపును 'వార్ప్' అంటారు, అనగా పడుగు. ఒక్కొక్క ధార పేరు 'థ్రెడ్', అనగా పోగు. ఇంగ్లీషు నేతగాళ్ల మాటలే అవి.

ఈ కార్డుతో మన ప్రాంతంవారికి ఏమి పని అని అడుగవచ్చును. టమాటా ఆకు ఫొటోను చూచి తెగులును గుర్తించే ప్రోగ్రామును తీసుకొందాము. ఒక చిత్రాన్ని అడ్డంగా 224, నిలువుగా 224 చుక్కలుగా విడదీసి, ప్రతి చుక్కకు మూడు రంగుల విలువలు వ్రాస్తే 1,50,528 సంఖ్యలు అవుతవి. ఒకేసారి 32 చిత్రాలను చూపితే 48 లక్షల సంఖ్యలు. ఇవి అనేక పొరలగుండా గుణింపబడుతూ పోవలె. అదంతా వేలసార్లు మళ్లీ మళ్లీ జరుగవలె. సాధారణ కంప్యూటరులోని కేంద్ర గణన భాగంలో నాలుగో, ఎనిమిదో శక్తిమంతమైన గణకాలు ఉంటవి. 2018లో వచ్చిన టీ4 అనే కార్డులో చిన్న గణకాలు 2,560 ఉన్నవి.

ఎవరో శిక్షణ ఇచ్చి పెట్టిన ప్రోగ్రామునే తెచ్చుకొంటే చాలదా? చాలదు. 2016లో ప్రచురితమైన ఒక పరిశోధనలో 14 పంటలకు చెందిన 54,306 ఆకుల చిత్రాలను వాడినారు. వాటిలో పరీక్షకై విడిగా ఉంచినవాటిని ప్రోగ్రాము 99.35 శాతం సరిగా గుర్తించింది. కాని వేరే పరిస్థితులలో తీసిన చిత్రాలను చూపగా ఆ సంఖ్య దాదాపు 31కి పడిపోయింది. పుంగనూరు ఎండలో, కుప్పం ఎర్రమన్ను మీద తీసిన ఆకుల చిత్రాలతో ఇక్కడివారే మళ్లీ శిక్షణ ఇవ్వవలె. ఇవ్వవలెనంటే కార్డు మన మాట వినవలె.

చిక్కు ఇక్కడే మొదలవుతుంది. పైథాను భాష స్వయంగా ఈ లెక్కలు చేయదు. మేస్త్రీవలె ఆజ్ఞలు ఇస్తుంది, అంతే. అసలు గుణకారాలు చేసేవి పైటార్చ్ వంటి లైబ్రరీలు. లైబ్రరీ క్యూడాతో మాట్లాడుతుంది, క్యూడా డ్రైవరుతో, డ్రైవరు కార్డుతో. ఈ వరుసలో ప్రతిదానికి ఒక వెర్షను సంఖ్య ఉన్నది. పక్కపక్కనున్నవి ఒకదానితో ఒకటి పొసగవలె. పొసగకపోతే తప్పు చెప్పి ఆగిపోవచ్చును. అంతకంటె ప్రమాదం మరొకటి ఉన్నది: ఏమీ అనకుండా పని అంతా కేంద్ర గణన భాగంమీదనే నడిచిపోవడం. రెండు గంటల పని రెండు దినాలు పడుతుంటే విద్యార్థి తన ప్రోగ్రామునే అనుమానిస్తాడు.

కాబట్టి కిందినుండి పైకి రావడం మంచిది. ముందుగా డ్రైవరు. ఎన్విడియా-ఎస్‌ఎంఐ అనే ఆజ్ఞ ఇస్తే కార్డు పేరు, డ్రైవరు వెర్షను కనిపిస్తవి. పైన ఒక క్యూడా సంఖ్య కూడ ఉంటుంది. దానిని చూచి ఆ క్యూడా యంత్రంలో ఉన్నదని పలువురు భ్రమపడతారు. నిజానికి అది ఆ డ్రైవరు భరించగల గరిష్ఠ వెర్షను మాత్రమే.

తరువాత పైథాను. యంత్రంతోపాటు వచ్చిన పైథానులో లైబ్రరీలు నింపరాదు; ఒక పనికి తెచ్చినది మరొక పనిని చెడగొడుతుంది. 2012లో వచ్చిన పైథాను 3.3నుండి వెన్వ్ అనే సాధనం భాషలోనే ఉన్నది. అది ప్రతి పనికి ఒక విడి గది కట్టి ఇస్తుంది. పైథానులో అన్నిటికంటె కొత్త వెర్షనునే ఎంచుకోవలెననే ఆత్రం వద్దు. లైబ్రరీలవారు దానికి తగిన ప్రతులను సిద్ధం చేయడానికి కొంత కాలం పడుతుంది. ఆ గదిలోనికి ప్రవేశించిన పిదప పిప్ ద్వారా, డ్రైవరు భరించగల క్యూడాకు తగిన పైటార్చ్ ప్రతిని తెచ్చుకోవలె. కావలసిన క్యూడా భాగాలు దానితోనే వస్తవి. సొంతంగా కార్డు భాషలో వ్రాసేవారికి తప్ప వేరే క్యూడా సామగ్రి అక్కరలేదు.

కార్డు అందుబాటులో ఉన్నదా అని పైటార్చ్‌ను అడిగితే ట్రూ లేక ఫాల్స్ అని జవాబిస్తుంది. అంతటితో ఆగక, ఉపాధ్యాయులు తరగతిలో ఒక ప్రయోగం చేయించవచ్చును. 4,000 వరుసలు, 4,000 నిలువులు గల రెండు మాత్రికలను గుణించడానికి 6,400 కోట్ల గుణకారాలు కావలె. కేంద్ర గణన భాగంమీద ఒకసారి, కార్డుమీద ఒకసారి కాలం కొలవండి. కార్డు ఆజ్ఞను అందుకొన్న వెంటనే పైథాను ముందుకు సాగిపోతుంది గనుక, గడియారం ఆపేముందు 'సింక్రొనైజ్' ఆజ్ఞతో కార్డు పని ముగిసేవరకు ఆగవలె. ఆగకుంటే అద్భుతమైన వేగం కనబడుతుంది, అది వట్టిదే. పిదప పది వరుసల మాత్రికలతో ఇదే చేయించండి. కార్డు వెనుకబడటం చూచి పిల్లలు ఆశ్చర్యపడతారు. కారణం దారి ఖర్చు. టీ4 తన సొంత జ్ఞాపకంనుండి సెకనుకు 300 గిగాబైట్లకు పైగా చదువగలదు. కంప్యూటరునుండి కార్డుకు పోయే దారిలో మాత్రం 16కు మించి సాగవు. ఒక్క టమాటా గంపకోసం పుంగనూరునుండి మదనపల్లె మార్కెట్టుకు లారీ కట్టినట్లన్నమాట.

అన్నీ కుదిరిన తరువాత పిప్ ఫ్రీజ్ ఆజ్ఞతో లైబ్రరీల పేర్లు, వెర్షన్లు ఒక జాబితాగా వ్రాసి ఉంచవలె. కుప్పంలోని విద్యార్థి మదనపల్లెలోని స్నేహితునికి పంపవలసినది ఆ జాబితాను, తన ప్రోగ్రామును. వెన్వ్ గదిని కాదు. గది గోడలలో పాత యంత్రపు చిరునామాలు ఉంటవి, ఎత్తుకుపోతే నిలువదు. స్నేహితుడు తన యంత్రంలో కొత్త గది కట్టి, జాబితా ప్రకారం నింపుకొంటాడు. అతని డ్రైవరు పాతదైతే పైటార్చ్ వరుస ఒక్కటి, దానితో వచ్చిన క్యూడా భాగాల వరుసలు మార్చుకోవలె.

ఇంటర్నెట్టు నెమ్మదిగా ఉన్న పాఠశాలలకు ఒక మాట. ఈ సరంజామా అంతా రెండు గిగాబైట్లకు పైబడుతుంది. అదే ఆపరేటింగ్ సిస్టమూ, అదే పైథాను వెర్షనూ ఉన్న మరొక యంత్రంలో పిప్ డౌన్‌లోడ్ ఆజ్ఞతో ఒక్కసారి దింపి, పెన్‌డ్రైవులో తెచ్చుకొంటే తక్కిన యంత్రాలకు ఇంటర్నెట్టుతో పనిలేదు. కార్డే లేనివారు గూగుల్ కోలాబ్‌లో టీ4 వంటి కార్డును పరిమిత సమయంవరకు ఉచితంగా వాడుకోవచ్చును. అక్కడ డ్రైవరు అమరిక మన పని కాదు. కాని పని ముగించి వచ్చినప్పుడు ఆ గది చెరిగిపోతుంది గనుక జాబితానూ ఫలితాలనూ మన దగ్గరికి దింపుకోవలె.