గాలిలో నిలిచెడు బొమ్మకు సూదంటురాతి పీఠము

బొమ్మలకొలువు తీర్చు సోదరీమణులందఱకును తెలిసిన చిక్కొకటి కలదు. రాజు, రాణి, సెట్టి దంపతులు, పెండ్లివారు, వీరందఱును మెట్లపై నిలుచుటకో కూర్చుండుటకో తగినవారు. గరుత్మంతుడును, సంజీవనికొండను అరచేత దాల్చిన హనుమంతుడును అట్టివారు కారు. వారి చోటు ఆకాశము. మెట్టుమీద నిలిపినచో ఎగురుచున్నట్లు తోపరు; పైనుండి దారముతో వ్రేలాడదీసినచో పంకా గాలికి గిరగిర తిరిగి, చూడవచ్చిన పేరంటాండ్రకు వీపు చూపుదురు. ఇప్పుడు పిల్లలు తమ విమానపు బొమ్మలను గూడ కొలువులో పెట్టుమని పట్టుబట్టుచున్నారు గనుక ఈ చిక్కు రెట్టింపైనది.

దీనిని చక్కగా విప్పినవారు కొలువు పెట్టువారు గారు. పాశ్చాత్యదేశములలో బల్లమీద చిన్నచిన్న విమానములను నిలిపి యుద్ధక్రీడ లాడు పెద్దమనుష్యులు. చతురంగము పుట్టిన దేశమువారమైన మనకు ఇట్టి ఆట వింతగాదు. ప్రష్యా దేశపు సైన్యములో 1824 నాటికే సేనాధిపతులకు శిక్షణ నిచ్చుటకు పటములపై యుద్ధక్రీడ వాడుకలోనికి వచ్చెను. ఆంగ్ల రచయిత హెచ్. జి. వెల్స్ 1913లో ‘లిటిల్ వార్స్’ అను గ్రంథము వ్రాసి, సీసపు సిపాయిలతో ఇంటి నేలపై ఆడుకొను పద్ధతిని గృహస్థులకు నేర్పెను. ఆ గ్రంథపు పేరులోనే ఆయన ఈ ఆటను బాలురకును, బాలుర ఆటలయం దిష్టముగల తెలివైన బాలికలకును ఉద్దేశించెను. తక్కిన బాలికలకు తెలివి లేదన్న ధ్వనిని మనము మన్నింపనక్కఱ లేదు గాని, తలుపు కొంత తెఱచినందుకు సంతోషింపవచ్చును.

సిపాయిల ఆటలో ఎత్తుతో పనిలేదు. విమానముల ఆటకు ఎత్తే ప్రాణము. మొదటి ప్రపంచయుద్ధములో పైన నున్న వైమానికునిదే పైచేయి. అతడు సూర్యుని వెనుక నిడుకొని క్రిందివానిపై దుమికెడివాడు. కలకత్తాలో పుట్టిన ఇంద్రలాల్ రాయ్ 1918 జూలైలో 13 దినములలో 10 విజయములు పొంది, ఆ నెల 22వ తేదీననే నేలకొఱిగిన యువకుడు. అప్పటికి ఆయన వయస్సు పందొమ్మిది. ఆయన నడిపిన ఎస్.ఇ.5ఎ విమానపు ఱెక్కల పొడవు సుమారు 8 మీటర్లు. దానిని 144వ వంతు చేసినచో ఐదున్నర సెంటీమీటర్ల బొమ్మ అగును. ఇంతటి చిన్న బొమ్మను బల్లపై చప్పగా పెట్టి “ఇది మేఘములలో నున్నది” అన్నచో ఆట రక్తికట్టదు. అందుచేత ఆ క్రీడాకారులు ఎత్తు మార్చుటకును, ముక్కు వంచుటకును, ఱెక్క వాల్చుటకును వీలైన పీఠముల కొఱకు వెదకిరి. వారిలో పలువురు పాత రేడియో ఏరియలు కడ్డీని, ఒక ఉక్కు గుండును, ఒక సూదంటురాతిని కూర్చి పని నెఱవేర్చుకొనిరి.

ఈ కూర్పు మన తిరుపతి, చిత్తూరు సీమల ఇండ్లకు మిక్కిలి తగియున్నది. కోస్తావారు సంక్రాంతికి కొలువు పెట్టుదురు. మన ప్రాంతమున నవరాత్రులకు పెట్టుట పరిపాటి. అవి తిరుమలలో స్వామి గరుడునిపై ఊరేగు దినములును కావున గరుడుని బొమ్మ లేనిదే మన కొలువు నిండదు. శ్రీకాళహస్తికి చేరువనున్న మాధవమాలలో కొయ్య చెక్కువారు తీర్చు మూర్తులను ఎఱుగనివారు ఇక్కడ అరుదు. ఇక విమానమన్ననో, రేణిగుంటలో 2015 అక్టోబరు 22న ప్రారంభింపబడిన విమానాశ్రయ భవనమునకే గరుడుని పేరు పెట్టిరి. తలపై నుండి పోవు విమానమును మేడమీద నిలిచి చూచు బాలిక, గరుడుని ప్రక్కను దాని కేల చోటీయరాదని యడిగినచో ఏమి చెప్పగలము? “కొలువులో విమానమేమిటి?” అని ముక్కుపై వ్రేలు వేసికొను అత్తగారలతో ఒక్క మాట. రైలుబండి, సంత, క్రికెట్ ఆట ఏనాడో మన కొలువులో చేరినవి. 2016 జూన్ 18న అవనీ చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ అను మువ్వురు యువతులు యుద్ధవిమానములు నడుపుటకై మన వాయుసేనలో అధికారిణులైరి. వారి వాహనము కొలువెక్కుటకు తగదా?

ఇక పీఠము చేయు విధము. చెడిపోయిన ట్రాన్సిస్టరు రేడియోనుండి ఏరియలు కడ్డీ నొకదానిని తీసికొనుడు. రేడియో మరమ్మతు దుకాణములలోను దొరకును. దానిలో ఐదో ఆఱో గొట్టములు ఒకదానిలో నొకటి ఇమిడియుండి, లాగినకొలది పొడుగగును. లాగినచోటనే నిలుచుట దాని గుణము. యుద్ధక్రీడ యాడు పిల్లలకు ఇందులో మఱియొక లాభము కలదు. ఎన్ని గొట్టములు వెలికి వచ్చినవో లెక్కించినచో విమానము ఎన్నవ అంతస్తున ఎగురుచున్నదో కొలబద్ద లేకయే తెలియును.

అడుగునకు 10 సెంటీమీటర్ల చదరపు చెక్క చాలును. వేపచెక్కయైనను సరియే. ఎఱ్ఱచందనము మాత్రము వలదు. అది మన శేషాచలపు సొత్తు, చట్టము కాపాడుచున్న చెట్టు, పీఠముల కొఱకు నఱకదగినది గాదు. చెక్క క్రిందిభాగమును తొలిచి ఇనుప నట్లను బిగించి బరువు పెంచవలెను. నడుమ రంధ్రము చేసి కడ్డీ మొదలును నిట్టనిలువుగా దిగవేసి అరల్డైటుతో అతుకవలెను. పైకొనకు సుమారు 10 మిల్లీమీటర్ల వెడల్పుగల సూదంటురాతి బిళ్ళను, నడుమ గరాటువలె పల్లమున్నదానిని, పల్లము మీదికి వచ్చునట్లు అతికింపుడు. బిళ్ళపై పూత నున్నగా నుండును గనుక ముందుగా గరుకుకాగితముతో రుద్దనిచో అతుకు నిలువదు. ఒక రాత్రియంతయు కదల్పక ఉంచుడు.

బొమ్మ కడుపున సైకిలు వెనుకచక్రపు ఇరుసులోని ఉక్కు గుండును, పావు అంగుళముదానిని, సగము మునుగునట్లు అతుకవలెను. ఈ గుండు బిళ్ళ పల్లములో కూర్చున్నప్పుడు మన భుజపు కీలువలె అన్ని దిక్కులకును తిరుగును. విమానము ముక్కు ఎత్తును, ప్రక్కకు వాలును, చేయి తీసినచో అట్లే నిలుచును. ఉక్కు అన్నదెల్ల సూదంటురాతికి అంటదు సుమండీ! కొన్ని స్టెయిన్‌లెస్ స్టీలు గుండ్లు అంటనే యంటవు. అతుకక ముందే ఒకసారి పరీక్షించుకొనుడు. గుండును పెట్టు చోటు బొమ్మ నట్టనడుమ గాదు, బొమ్మ తూకము నిలుచు చోటు. బొమ్మను చూపుడువ్రేలిపై ఆనించి, ఎటును ఒఱగక నిలిచినచోట సున్నపు బొట్టు పెట్టుకొనుడు. హనుమంతునికి కొండ యున్న వైపు బరువు హెచ్చు గనుక ఆ బొట్టు మీరనుకొన్న చోట పడదు.

చాలమంది రాతిని బొమ్మలోను, గుండును కడ్డీపైనను పెట్టుదురు. నేను దానిని తిరగవేసి చెప్పుటకు రెండు కారణములు కలవు. బొమ్మలన్నిటిలో రాళ్లున్నచో పెట్టెలో అవి యొకదాని నొకటి లాగుకొని రంగులు రాలగొట్టుకొనును. రెండవది అంతకంటె పెద్దది: పిల్లలు చేతబట్టి ఆడుకొనునది బొమ్మను, పీఠమును గాదు.

ఈ రెండవ కారణమును కొంత విప్పి చెప్పవలసియున్నది. ఇప్పటి చిన్న రాళ్లు మన చిన్ననాటి నల్లని రాళ్లవంటివి గావు. నియోడిమియము, ఇనుము, బోరాను కలిపిన ఈ జాతిని 1980వ దశకపు తొలి సంవత్సరములలో జపానులోను, అమెరికాలోను వేర్వేరుగా కనిపెట్టిరి. శనగగింజంత రాయి తనకంటె ఎన్నో రెట్ల బరువు నెత్తగలదు. పసిబిడ్డ అట్టివి రెండు మ్రింగినచో, లేక ఒక రాతిని ఒక ఇనుపముక్కను మ్రింగినచో, అవి ప్రేగుల రెండు మడతలలో చెఱియొకచోట చేరి, ప్రేగుగోడలను నడుమ నిఱికించుకొని ఒకదాని నొకటి పట్టుకొనును. నొక్కబడిన చోట రక్తము ఆడక ప్రేగునకు చిల్లి పడును. తొలుత కానవచ్చునది కడుపునొప్పి, వాంతి మాత్రమే. అజీర్ణమనుకొని వాము నీళ్లు పట్టుచు కాలము గడపుట ప్రాణాపాయము. మ్రింగెనేమో యన్న అనుమానము కలిగిన తోడనే ఆసుపత్రికి గొనిపోయి, “సూదంటురాయి” అన్న మాట వైద్యునికి స్పష్టముగా చెప్పవలెను, ఎక్స్‌రేలో తెలియును. అమెరికా ప్రభుత్వము 2022లో విడి రాళ్ల ఆటవస్తువులకు కఠినమైన నియమము విధించినది. మన దేశములోను 2021 జనవరి 1 నుండి ఆటబొమ్మలకు ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పనిసరి. కాని ఇంట చేసికొను వస్తువునకు ఏ గుర్తును లేదు, తల్లి కన్ను తప్ప. కావున రాతిని అంటించుటతో తృప్తిపడక, దాని అంచునకు చుట్టును ఎం-సీల్ ముద్దను గట్టుగా కట్టి, ఆరిన పిదప గోటితో, పట్టకారుతో లాగి చూడుడు. ఊడెనా, ఆ పీఠము పనికిరాదు. గుండ్లను గూడ ఇట్లే లాగి చూడవలెను. మూడేండ్లలోపు బిడ్డలున్న ఇంట ఈ పీఠము వారికందని పైమెట్టుననే ఉండదగును. గుండెకు పేస్‌మేకరు అమర్చుకొన్న పెద్దలు దీనిని ఱొమ్మునకు చేరువగా పట్టుకొనరాదు.

పీఠము సిద్ధమైన పిదప చేయవలసిన పరీక్ష యొకటి కలదు. కడ్డీని పూర్తిగా పొడుగు చేసి, బొమ్మను పెట్టి, వ్రేలితో ప్రక్కకు మెల్లగా త్రోయుడు. రెండవ చేయి క్రింద పట్టియుంచుడు. బొమ్మ రాతినుండి విడివడవలెను, పీఠము కదలరాదు. పీఠమే ముందు ఒఱగినచో దానిపై నున్నదంతయు క్రింది మెట్లమీద పడి, మీ అమ్మమ్మ నాటి బొమ్మలను గూడ విఱుగగొట్టును. అప్పుడు అడుగున బరువు పెంచవలెను, లేదా పల్లములో పలుచని కాగితపుముక్క నంటించి రాతి పట్టు తగ్గింపవలెను. సూదంటురాతి గొప్పతనము గట్టిగా పట్టుటలో లేదు. తగిలినప్పుడు విడుచుటలో నున్నది. జిగురుతో అతికిన విమానము చీరకొంగు తగిలిన మాత్రమున ఱెక్క విఱుగును. దీనిపై నున్నది ఊడి పడును, మరల పెట్టినచో కూర్చుండును.

ఊడి పడునది మట్టిబొమ్మ యగునెడల ఏమగునో చెప్పనక్కఱ లేదు. కావున తేలికైన కొయ్యవి, కాగితపుగుజ్జువి, ప్లాస్టిక్కువి మాత్రమే దీనిపై ఎగురదగును. కొండపల్లివారి పొణికిచెక్క బొమ్మలు మిక్కిలి తేలిక గనుక వీనికి దివ్యముగా ఒప్పును. మరపాచి జంటవంటి ఎఱ్ఱచందనపు బరువు బొమ్మలు నేలనే ఉండనిండు.

దీపమును పీఠమునకు దూరముగా నుంచుడు. ఈ జాతి సామాన్యపు రాళ్లు 80 డిగ్రీల వేడి దాటినచో శక్తి కోల్పోవును. నూనె దీపపు సెగ అంతకు మించును. విజయదశమి రాత్రి బొమ్మను పరుండబెట్టి కొలువు ముగించిన పిదప, కడ్డీలను లోనికి ముడిచి, ఒక్కొక్క పీఠమును పాత నూలుగుడ్డలో విడివిడిగా చుట్టి, బొమ్మల పెట్టెలో గాక వేఱొక డబ్బాలో పెట్టి, డబ్బాను అటకమీదికి చేర్చుడు.