ఓడ మీద విమానం ఎలా దిగుతుంది?

విమానం దిగాలంటే పొడవైన రోడ్డు కావాలి. దాన్ని రన్‌వే అంటారు. పెద్ద విమానాలకి అది రెండు, మూడు కిలోమీటర్లు ఉంటుంది. కాని నేవీ విమానాలు సముద్రంలో ఓడ మీద కూడా దిగుతాయి. మన కొత్త ఓడ ఐఎన్‌ఎస్ విక్రాంత్ మొత్తం పొడవే 262 మీటర్లు. మరి అంత స్పీడుగా వచ్చింది అక్కడ ఎలా ఆగుతుంది? బ్రేకు వేస్తే చాలదు.

ఓడ మీద మొట్టమొదట దిగినవాడు అమెరికా దేశపు యూజీన్ ఎలీ. 1911 జనవరి 18న శాన్ ఫ్రాన్సిస్కో దగ్గర, ఆగి ఉన్న పెన్సిల్వేనియా అనే ఓడ మీద దిగాడు. ఓడ మీద చెక్కలు పరిచి, వాటి మీద అడ్డంగా తాళ్ళు కట్టారు. ప్రతి తాడుకి రెండు చివర్లా ఇసుక మూటలు. విమానం కింద ఉన్న కొక్కేలు తాళ్ళకి తగులుకున్నాయి, మూటలు ఈడ్చుకుంటూ వచ్చాయి, విమానం ఆగింది. నీళ్ళలో పడితే తేలాలని ఆయన సైకిల్ ట్యూబులు ఒంటికి చుట్టుకున్నాడంట!

నడిచే ఓడ మీద మొదట దిగింది ఇంగ్లండు ఆఫీసరు ఎడ్విన్ డన్నింగ్, 1917 ఆగస్టు 2న. తోటివాళ్ళు పరిగెత్తుకొచ్చి విమానం పట్టీలు చేతులతో పట్టుకుని ఆపారు. ఐదు రోజుల తర్వాత మళ్ళీ దిగబోతే విమానం సముద్రంలో పడి ఆయన చనిపోయాడు.

ఇప్పుడు ఓడ మీద అడ్డంగా లావు ఉక్కు తీగలు ఉంటాయి. విమానం తోక కింది కొక్కెం వాటిలో ఒకదాన్ని పట్టుకుంటుంది. బెదిరి పారిపోయే ఎద్దుని పలుపుతో ఒక్కసారే లాగితే పలుపు తెగిపోద్ది కదా. కొంచెం కొంచెం వదులుతూ బిగించాలి. ఓడ లోపల ఉన్న మిషను ఆ పనే చేస్తుంది. రెండు మూడు సెకన్లలో విమానం ఆగిపోతుంది.

ఒక వింత వినండి. దిగగానే పైలట్ ఇంజన్ తగ్గించడు, పూర్తిగా పెంచుతాడు! ఎందుకంటే కొక్కేనికి తీగ దొరక్కపోతే వెంటనే మళ్ళీ పైకి లేవాలి.

అక్కడ ఇంజన్ల చప్పుడుకి మాట వినపడదు. అందుకని చేతి సైగలు చేస్తారు, పనికో రంగు చొక్కా వేసుకుంటారు. అమెరికా ఓడల్లో పసుపు చొక్కావాళ్ళు విమానాలకి దారి చూపిస్తారు. ఊదా రంగువాళ్ళు ఇంధనం పోస్తారు. తీగలు చూసేవాళ్ళది ఆకుపచ్చ. రంగు చూస్తే ఎవరి పని ఏంటో తెలిసిపోద్ది.

మన దేశానికి మొదటి విక్రాంత్ 1961లో వచ్చింది. 1971 యుద్ధంలో డిసెంబరు 4న దాని సీ హాక్ విమానాలు కాక్స్ బజార్ మీద దాడి చేశాయి. ఇప్పుడున్న విక్రాంత్ కొచ్చిలో కట్టినది, 2022 సెప్టెంబరు 2న నేవీలో చేరింది. దాని ముందు భాగం పైకి వంగి ఉంటుంది. విమానం ఆ వంపు మీదుగా ఎగిరిపోతుంది.

2019లో శివాంగి మన నేవీలో మొదటి మహిళా పైలట్ అయ్యారు. 2025 జూలై 3న ఆస్థా పూనియా నేవీ ఫైటర్ విభాగానికి ఎంపికైన మొదటి మహిళ అయ్యారు. ఆ కార్యక్రమం జరిగింది ఎక్కడో కాదు, మన విశాఖపట్నంలోనే.

ఆడపిల్లకి లెక్కలు, సైన్సు ఎందుకు అని మన ఊళ్ళలో ఇంకా అడుగుతారు. విమానం నడిపేది ఒక్కరే. కాని దాన్ని క్షేమంగా దించడానికి తీగ, మిషను, ఇంధనం, దారి చూసేవాళ్ళు ఎంతోమంది కావాలి. ఆ పనులన్నిటికీ లెక్కలు, సైన్సు కావాలి. బాగా చదివితే వాటిలో ఏదో ఒక పని మనకి కూడా వస్తుంది.