‘తీరం దాటింది’ అంటే అయిపోయినట్టేనా?

2013 అక్టోబరు 12, ఫైలిన్ తుఫాను రాత్రి. మేం బరంపురంలోనే ఉన్నాం. కరెంటు ఎప్పుడో పోయింది, టీవీ లేదు. శ్రీకాకుళం నుంచి పిన్ని ఫోను చేసింది. “తీరం దాటేసిందంట, ఇక్కడ తెలుగు టీవీలో చెప్తన్నారు, ఇంకేం భయం లేదు” అంది. అప్పుడే గాలి కూడా కాస్త తగ్గినట్టు అనిపించింది. పక్కింటి మావయ్య టార్చి పట్టుకుని, ఎగిరిన రేకు చూద్దామని పెరట్లోకి వెళ్లిపోయారు. మా అమ్మ కిటికీలోంచి కేకేసింది: “మావయ్యా, లోపలికి వచ్చీయండి. అయిపోలేదు, గాలి తిరుగుతాది.” ఆయన విసుక్కుంటూనే వచ్చారు. కాసేపటికి రెండో వైపు నుంచి గాలి అందుకుంది. తెల్లారి చూస్తే ఆయన నిలబడ్డ చోట మునగచెట్టు పడి ఉంది.

పిన్ని అబద్ధం చెప్పలేదు. టీవీ వాళ్లూ తప్పు చెప్పలేదు. తిరకాసంతా ‘దాటింది’ అనే మాటలో ఉంది.

మూడు భాషల్లో మూడు తీర్లు

మన ఇళ్లలో ‘దాటింది’ అంటే అయిపోయిందనే అర్థం. గండం దాటింది, ఏరు దాటాం, బస్సు మన ఊరు దాటిపోయింది. ఏది దాటినా ఇంక దానితో పని లేదన్నమాట. వాతావరణ శాఖ భాషలో అలా కాదు. తుఫాను మధ్యభాగం సముద్రం మీంచి నేల మీదికి ఎక్కడాన్నే ‘తీరం దాటడం’ అంటారు. అంటే తీరంలో ఉన్నవాడికి అది ముగింపు కాదు, నడిమధ్య. ముందు సగం గాలి మన మీంచి పోయింది, వెనక సగం ఇంకా రావాలి.

చెన్నైలో ఉండే మనవాళ్లు తమిళంలో ‘కరైయై కడందదు’ అని వింటారు. అదీ మన మాటలాంటిదే, ఒడ్డు దాటిందని. ఒడియాలో చాలాసార్లు ‘స్థళభాగ ఛుఇఁలా’ అంటారు. ‘ఛుఇఁబా’ అంటే తాకడం. ‘నేలను తాకింది’ అని వింటే ఎవరైనా ఏమనుకుంటారు? ఇప్పుడే మొదలైంది, లోపలే ఉండాలనుకుంటారు. ఒకే సంగతి. ఒక భాషలో వింటే తలుపు తీయాలనిపిస్తుంది, ఇంకో భాషలో వింటే గడియ వేయాలనిపిస్తుంది. పూరీ పెంఠకటాలోనూ గంజాం ఒడ్డునా ఉన్న మన తెలుగు జాలర్లు మైకులో ఒడియా హెచ్చరిక వింటారు, ఫోనులో బంధువుల తెలుగు మాట వింటారు. రెండూ ఒకేసారి చెవిన పడితే, మనసు సొంత భాష వైపే మొగ్గుతుంది.

మధ్యలో వచ్చే నిశ్శబ్దం

పెద్ద తుఫానుకి నడుమ ‘కన్ను’ ఉంటుంది. అక్కడ గాలి దాదాపు ఉండదు, ఒక్కోసారి ఆకాశం కూడా తెరిపిస్తుంది. కన్ను వెడల్పు ముప్పై కిలోమీటర్లు అనుకుందాం. తుఫాను గంటకి పదిహేను కిలోమీటర్లు నడుస్తుంటే, సరిగ్గా దాని దారిలో ఉన్న ఊరికి ఆ నిశ్శబ్దం రెండు గంటల దాకా ఉండొచ్చు. కన్ను అంచు మాత్రమే తగిలిన ఊరికి పది నిమిషాలే ఉండొచ్చు. ఆ తర్వాత గాలి ఎదుటి దిక్కు నుంచి ఒక్కసారిగా కొడుతుంది. మొదటి గాలికి ఒక పక్కకి వంగిన చెట్లు, వదులైన రేకులు రెండో గాలికి ఊడి వస్తాయి.

చెన్నై వాళ్లకి ఇది 2016 డిసెంబరు 12న వర్దా తుఫానులో అనుభవమే. మధ్యాహ్నం గాలి ఆగింది. రోడ్ల మీదికి రావద్దు, మళ్లీ ఎదురు దిక్కు నుంచి వస్తుందని అధికారులు చెప్పారు. అలాగే వచ్చింది.

మా ఇంట్లో దీనికి ‘తిరుగు గాలి’ అనేవాళ్లు. పెద్ద మాటేం కాదు, ఇంటి మాటే. కానీ ‘దాటింది’ అన్న మాట చెప్పనిది ఇది చెప్తుంది, పోయిన గాలి తిరిగొస్తుందని.

సైక్లోన్ అనే మాట, మన కోరంగి

సైక్లోన్ అన్న ఇంగ్లీషు మాటకీ మన తీరానికీ చుట్టరికం ఉంది. కలకత్తాలో ఉండే హెన్రీ పిడింగ్టన్ 1848లో నావికుల కోసం రాసిన పుస్తకంలో ఈ మాట పెట్టాడు. పాము చుట్టలా గాలి తిరుగుతుందని గ్రీకు నుంచి తీసుకున్నాడు. ఆయన కూర్చుకున్న పాత తుఫానుల లెక్కల్లో యానాం పక్కనున్న కోరంగి రేవుని ముంచిన 1789 నాటిది కూడా ఉంది. 1839లో కోరంగిని మళ్లీ ఉప్పెన తుడిచిపెట్టేసింది. అంతకు ముందు ఓడలతో కళకళలాడిన రేవు, మళ్లీ పాత దశకి రాలేదు.

పిడింగ్టన్ నావికులకి నేర్పిన లెక్క ఇప్పటికీ పనికొస్తుంది. గాలికి వీపు పెట్టి నిలబడండి. మన వైపు సముద్రాల్లో తుఫాను మధ్యభాగం సుమారుగా మీ ఎడమ చేతి వైపు ఉంటుంది. గాలి దిక్కు మారకుండా బలం మాత్రం పెరుగుతుంటే తుఫాను నేరుగా మీ మీదికే వస్తోందన్నమాట. అయితే ఇది బయటికెళ్లి పరీక్షించే పని కాదు, కిటికీలోంచి చెట్టు ఊగే తీరు చూసినా తెలుస్తుంది.

గాలి వేరు, ఉప్పెన వేరు

మన భాషలో ఇంకో మంచి విడదీత ఉంది. గాలికి ‘తుఫాను’, సముద్రం లేచి ఊరి మీద పడితే ‘ఉప్పెన’. 1977 నవంబరు 19న దివిసీమలో వేల ప్రాణాలు తీసింది ప్రధానంగా ఉప్పెనే. ఇప్పుడు రెండింటినీ కలిపి ‘తుఫాను’ అనేస్తున్నాం. దాంతో “మాది డాబా ఇల్లు, గాలికేం కాదు” అనే ధీమా వస్తోంది. డాబా గాలికి ఆగుతుంది, నీటికి ఆగదు.

ఉప్పెన పోటు సమయంలో వస్తే నీళ్లు ఇంకా ఎత్తుకి లేస్తాయి, పాటులో వస్తే కొంత తగ్గుతాయి. ఒడియాలో మనవాళ్లు జుఆర, భట్టా అనేవి ఈ పోటూ పాటూనే. తుఫాను ఎన్ని గంటలకి వస్తుందో చెప్తే, ఆ వేళకి పోటో పాటో జాలరి ఇళ్లలో ఎవరికైనా తెలుసు. ఆ లెక్క పిల్లలకి కూడా నేర్పాలి.

తూర్పు తీరంలో ఇంకో గుర్తు. సముద్రం నుంచి వచ్చే తుఫాను నడిచే దారికి కుడి పక్క, అంటే మనకి ఎక్కువగా ఉత్తరం వైపు, గాలి సముద్రం మీంచి నేల మీదికి తోస్తుంది. ఉప్పెన భయం అటే ఎక్కువ. కాబట్టి “మనకి దక్షిణంగా దాటుతుందట, మనకేం లేదు” అనుకోకూడదు. 1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుఫాను కాకినాడకి దక్షిణంగా తీరం దాటింది. యానాం, కోనసీమ అల్లాడిపోయాయి. వెయ్యి మందికి పైగా చనిపోయారు.

రేవులో ఎగరేసే నంబర్లు

‘ఎనిమిదో నంబరు, పదో నంబరు’ అని వింటుంటాం. నంబరు పెరిగిన కొద్దీ గాలి పెరుగుతుందని చాలామంది అనుకుంటారు. పూర్తిగా అలా కాదు. 5, 6, 7 ఒకే తరగతి ప్రమాదం, తేడా తుఫాను దారిలో. 5 అంటే రేవు ఆ దారికి ఎడమ పక్క పడుతుంది, 6 అంటే కుడి పక్క, 7 అంటే రేవు మీంచి లేదా దగ్గరగా పోతుంది. ఇంకా తీవ్రమైన తుఫానుకి 8, 9, 10 కూడా ఇదే వరస. 11 అంటే హెచ్చరిక కేంద్రంతో సంబంధాలే తెగిపోయాయి. పైన చెప్పిన కుడి పక్క సంగతి గుర్తుంటే 6, 9 విన్నప్పుడు ఉప్పెన గురించి అడగాలని తెలుస్తుంది.

ఇంట్లో ఏం చెప్పాలి

1999 అక్టోబరు 29 నాటి మహాబాత్యాలో ఒడిశాలో దాదాపు పదివేల మంది పోయారు. 2013లో ఫైలిన్‌కి దాదాపు పది లక్షల మందిని, 2019 మే 3న వచ్చిన ఫణికి పన్నెండు లక్షల మందిని ముందే కదిలించారు. గాలి చిన్నదై కాదు, మనుషులు సమయానికి కదిలారు కాబట్టి ప్రాణనష్టం అంతగా తగ్గింది. మాట సరిగ్గా చేరితేనే మనిషి కదులుతాడు.

అందుకే ఈసారి దూరంలో ఉన్న మీవాళ్లకి ఫోను చేసినప్పుడు ‘తీరం దాటేసింది’ అని ఆపేయకండి. “మధ్యభాగం ఇప్పుడే నేల మీదికి వచ్చింది, తిరుగు గాలి ఇంకా రావాలి, వాళ్లు చెప్పేదాకా ఆశ్రయం వదలకండి” అనండి. కాగితాలు ప్లాస్టిక్ కవర్లో పెట్టారా, తాగే నీళ్లు పట్టారా, ఫోను చార్జి చేశారా, పడవలు పైకి లాగారా అని అడగండి. ఇవన్నీ గాలి మొదలవకముందే అవ్వాలి. పడవ మీద బెంగతో మధ్యలో ఒడ్డుకి వెళ్లొద్దని మాత్రం గట్టిగా చెప్పండి.

మీ ఊళ్లో, మీ ఇంట్లో ఆ రెండో గాలికి ఏమంటారు? పెద్దవాళ్లని అడిగి రాసిపెట్టుకోండి. ఆ మాట తెలిసినవాళ్లు ఇంట్లో ఒక్కరున్నా చాలు, టార్చి పట్టుకుని పెరట్లోకి వెళ్లేవాణ్ణి లోపలికి పిలవడానికి.