జప్తుకు లోబడని సేద్యపు సామగ్రి: సివిల్ ప్రక్రియా స్మృతిలో వ్యవసాయదారునికి గల రక్షణ

ప్రామిసరీ నోటుపై తెచ్చిన అప్పు తీరని పక్షంలో ఋణదాత సివిల్ కోర్టులో దావా వేసి డిక్రీ పొందుతాడు. డిక్రీ రాగానే సొమ్ము చేతికి రాదు. దానిని వసూలు చేసుకోవడానికి అమలు పిటిషను దాఖలు చేసి, ఋణగ్రస్తుని ఆస్తిని జప్తు చేయించి వేలం వేయించవలసి ఉంటుంది. ఈ దశలో అమీనా వచ్చి కాడెద్దులను తోలుకొనిపోవచ్చునా? నాగలి, గుంటక, గొర్రు, గాదెలోని విత్తనపు గింజలు వేలానికి పోతాయా? ఈ ప్రశ్నలకు 1908 నాటి సివిల్ ప్రక్రియా స్మృతిలోని 60వ సెక్షన్ సమాధానం చెబుతుంది.

ఋణగ్రస్తుని ఆస్తి అంతా జప్తుకు లోబడుతుందన్నది ఆ సెక్షన్ లోని సాధారణ సూత్రం. మినహాయింపులు దాని తరువాత వస్తాయి. కట్టుబట్టలు, వంటపాత్రలు, పడక సామగ్రి అందరికీ మినహాయింపే. ఋణగ్రస్తుడు వ్యవసాయదారుడైనప్పుడు అతని సేద్యపు పనిముట్లకు, ఆ వృత్తితో జీవనం సాగించడానికి అవసరమని కోర్టు భావించినన్ని పశువులకు, విత్తనపు గింజలకు రక్షణ ఉంది. అతడు నివసిస్తున్న ఇల్లు, దాని స్థలం, దానిని అనుభవించడానికి అవసరమైన ఆవరణ కూడా జప్తుకు లోబడవు. 1976 సవరణ ద్వారా ఈ గృహ రక్షణ కూలీలకు, ఇంటి పనివారికి సైతం విస్తరించింది. అదే సవరణ మరొక ముఖ్యమైన నియమాన్ని చేర్చింది. మినహాయింపును వదులుకొంటున్నానని ఋణగ్రస్తుడు ముందుగా వ్రాసి ఇచ్చినా ఆ ఒప్పందం చెల్లదు. అప్పు పుట్టే వేళ కాగితంపై ఏమి వ్రాసి ఉన్నదో చదవకుండా వేలిముద్ర వేసినవారికి ఇది చిన్న మేలు కాదు.

ఈ రక్షణ ఎవరికి అన్నది తరువాతి ప్రశ్న. భూమిని స్వయంగా సాగుచేస్తూ, ప్రధానంగా వ్యవసాయ భూమిపై వచ్చే ఆదాయంతో జీవించేవాడే వ్యవసాయదారుడని స్మృతి నిర్వచించింది. అతడు భూయజమాని కావచ్చు, కౌలుదారు కావచ్చు, భాగస్వామి లేదా వ్యవసాయ కూలీ కావచ్చు. కుటుంబసభ్యుల శ్రమతో గాని, నగదు లేదా ధాన్య రూపంలో వేతనమిచ్చే కూలీలతో గాని చేయించే సాగు స్వయంకృషి కిందికే వస్తుంది. పంటలో వాటా ఇచ్చి పనివారితో చేయించే సాగు మాత్రం రాదు. కనుక పొలాన్ని పాలుకిచ్చి పట్టణంలో ఉండే పట్టాదారుకు దొరకని రక్షణ, ఆ పొలాన్ని దున్నే కౌలురైతుకు దొరుకుతుంది. చిక్కంతా రుజువు దగ్గరే. కౌలు ఒప్పందాలు అధికంగా నోటిమాటపైనే నడుస్తాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నాటి పంట సాగుదారు హక్కుల చట్టం కింద పొందిన కార్డు వంటి పత్రం చేతిలో ఉంటే అది పంట ఋణానికే కాక ఇటువంటి సందర్భంలో సాక్ష్యంగానూ ఉపకరించగలదు.

పైరు విషయంలో చట్టం మరింత సూక్ష్మంగా వ్యవహరించింది. స్మృతి దృష్టిలో పొలంలో నిలిచి ఉన్న పైరు చరాస్తి. కావున భూమితో నిమిత్తం లేకుండా దానిని జప్తు చేయవచ్చు. 21వ ఆర్డరులోని 44వ నియమం ప్రకారం జప్తు వారంటు ప్రతిని పైరు ఉన్న పొలంలో, కోత అయి ఉంటే కళ్ళంలో లేదా గడ్డివాము వద్ద అంటించాలి. మరొక ప్రతిని రైతు నివసించే ఇంటి తలుపునకు అంటించాలి. జప్తుతో సాగు ఆగిపోకూడదు. కోర్టు విధించే షరతులకు లోబడి పైరును కాపాడుకోవడానికి, కోయడానికి, నిల్వచేయడానికి రైతుకు అవకాశం ఉంది. పంట ఎప్పటికి కోతకు వస్తుందో డిక్రీదారు తన దరఖాస్తులో తెలపాలి. కోతకు చాలా ముందుగా జప్తు ఉత్తర్వు వెలువడితే దాని అమలును కోర్టు నిలుపవచ్చు. నిల్వకు ఆగని పంటనైతే, అది కోతకు వచ్చే సమయం ఇరవై రోజులలోపు ఉన్నప్పుడు జప్తు చేయరాదు. నిల్వ ఉండే పంటను కోసి, నిల్వకు సిద్ధమైన తరువాతనే వేలం వేయాలి. వేలంలో సరైన ధర పలకకపోతే, యజమాని కోరినమీదట మరునాటికి లేదా వేలం జరిగే చోట సంత జరిగే పక్షంలో తరువాతి సంత రోజుకు వాయిదా వేయాలి. పచ్చి పైరును కారుచౌకగా పాడించుకోవడాన్ని అడ్డుకొనే ఈ నియమాలు పొలం ఎరిగినవారు వ్రాసినట్లు కనిపిస్తాయి.

తరువాతి పంట వరకు సాగుకు, కుటుంబ పోషణకు అవసరమైన ఫలసాయపు భాగాన్ని జప్తు నుండి మినహాయించే అధికారాన్ని 61వ సెక్షన్ రాష్ట్ర ప్రభుత్వాలకు ఇచ్చింది. ఆ మేరకు గెజిట్‌లో ఉత్తర్వు ప్రకటించినప్పుడే ఈ మినహాయింపు వర్తిస్తుంది.

ఇక రక్షణ లేని అంశాలు. వాటిలో మొదటిది భూమే. ఎద్దులను, నాగలిని కాపాడిన స్మృతి అవి దున్నే చేనును కాపాడలేదు. రెండవది, తాకట్టు పెట్టిన ఆస్తి. ప్రత్యేకంగా తనఖా పెట్టిన ఆస్తి విషయంలో ఈ మినహాయింపు సాధారణంగా నిలవదు. బ్యాంకు ఋణంతో కొన్న ట్రాక్టరు ఆ ఋణానికే హామీగా ఉంటుంది కనుక దానిని పనిముట్టుగా చూపి తప్పించుకోవడం కష్టం. బ్యాంకులు కోర్టు ప్రమేయం లేకుండా హామీ ఆస్తిని స్వాధీనపరచుకొనే 2002 నాటి సర్ఫేసీ చట్టం మాత్రం వ్యవసాయ భూమిపై ఉన్న హామీకి వర్తించదు. అయితే ఆ భూమి నిజంగా సాగులో ఉన్నదని రుజువు చేసే బాధ్యత ఋణగ్రస్తునిదేనని సుప్రీంకోర్టు 2023లో తెలంగాణ నుండి వచ్చిన ఒక వ్యాజ్యంలో స్పష్టం చేసింది. మూడవది, రెవెన్యూ బకాయిల వసూలు. అది 1864 నాటి రెవెన్యూ రికవరీ చట్టం ప్రకారం వేరే పద్ధతిలో నడుస్తుంది.

మినహాయింపు దానంతట అది అమలు కాదు. ఋణగ్రస్తుడు అమలు కోర్టులో, వేలానికి ముందే, అభ్యంతరం తెలిపి రుజువు చూపాలి. అక్కడ కోర్టు ముందుకు వచ్చే ప్రశ్నలలో కొన్ని న్యాయశాస్త్రానికి సంబంధించినవి కావు, సస్యశాస్త్రానికి సంబంధించినవి. జీవనానికి ఎన్ని పశువులు అవసరం? ఎంత విత్తనం అవసరం? వరి నాటే రైతుకు ఎకరాకు 20–25 కిలోల విత్తనం చాలును. వేరుశనగ రైతుకు దానికి రెండు మూడింతల గింజలు కావాలి. ఇద్దరి గాదెలనూ ఒకే కొలతతో చూస్తే వేరుశనగ రైతు నష్టపోతాడు. సిఫారసు చేసిన విత్తన మోతాదును తెలిపే విశ్వవిద్యాలయపు పంటల సమాచారం ఇక్కడ ఉపయోగపడగలదు.

సంకర విత్తనాలతో పత్తి పండించే రైతు స్థితి వేరు. అతడు విత్తనాన్ని దాచుకోడు. ఏటా ప్యాకెట్ కొంటాడు. గాదెలోని గింజకు రక్షణ ఇచ్చిన ఈ సెక్షన్, ఆ ప్యాకెట్ కొనడానికి అతడు బ్యాంకు ఖాతాలో దాచుకొన్న సొమ్మును విత్తనంగా పరిగణించలేదు.