బండి నేర్పు: ట్రాకా? శిక్షణా?

మన రాప్తాడు 44వ నంబరు (పాత 7వ నంబరు) జాతీయ రహదారి మీద ఉంది. ఉద్యోగం రాగానే మనలో చాలామంది కొనేది మోటారు సైకిలే. నడపడం వేరు, నేర్పుగా నడపడం వేరు. ఆ నేర్పుకు రెండు దారులున్నాయి.

ఒకటి ట్రాక్ డే. చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై రేస్ ట్రాక్ వంటి చోట రుసుము కట్టి, ఎదురు వాహనాలు లేకుండా నడపవచ్చు. అయితే దిద్దేవారు లేకపోతే పాత తప్పే వేగంగా చేస్తాం.

రెండవది శిక్షణ పాఠశాల. అక్కడ గురువు బ్రేకును, చూపును, మలుపును దిద్దుతారు. గంటకు 60 కి.మీ. వేగమంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. వేగం రెట్టింపైతే, బ్రేకు పట్టాక బండి ఆగే దూరం సుమారు నాలుగు రెట్లవుతుంది. గొర్రెల మంద, శెనక్కాయల ట్రాక్టరు అడ్డొచ్చే మన దారుల్లో ప్రాణం నిలిపేది ఈ పాఠమే.

కనుక ముందు శిక్షణ, తర్వాతే ట్రాక్. గేరు బండికి 18 ఏళ్లు నిండాలి. వెనుక కూర్చున్నవారికీ హెల్మెట్ తప్పనిసరి.