కాగితం ఫోను

జాకెట్టు కుట్టే ముందు కాగితం కత్తిరిస్తారు. కాగితం పాడైతే ఇంకోటి తీసుకోవచ్చు. గుడ్డ పాడైతే నష్టం. ఫోనులో యాప్ తయారు చెయ్యడమూ ఇంతే.

బాపట్ల నుంచి రేపల్లెకు రైళ్లు చూపే యాప్ చెయ్యాలనుకుందాం. ముందు ఫోనంత కాగితాలు కత్తిరిస్తారు. వాటి మీద పెన్సిలుతో ఊళ్ల పేర్లు, మీటలు గీస్తారు. ఒక అక్క చేతికి ఇస్తారు.

"రేపల్లె పోవాలక్కా, ఏది నొక్కుతావు?" అని అడుగుతారు. ఆమె వేలు పెడుతుంది. వెంటనే తరువాతి కాగితం ముందు పెడతారు. ఎలా నొక్కాలో చెప్పరు. ఊరికే చూస్తారు.

"తెనాలిలో బండి మారాలి గదా! అది ఇందులో లేదే?" అంటుంది ఆమె.

తప్పు దొరికింది. ఇంకో కాగితం గీస్తే చాలు. అదే యాప్ అంతా తయారయ్యాక దిద్దాలంటే రోజులు పడుతుంది. డబ్బూ ఖర్చే. దిద్దకపోతే? దాన్ని నమ్మిన మనిషి తెనాలిలో దిగదు. విజయవాడ పోతుంది!

బెంగళూరులో ఇంద్రాణి మేధి అనే పరిశోధకురాలు ఉండేవారు. ఇళ్లలో పని చేసే స్త్రీలకు పని చూపించే బొమ్మలను 2006 నాటికి ఆమె బృందం కంప్యూటరులో పెట్టింది. కదలిక లేని బొమ్మ చూస్తే అది పని అని వారికి తోచలేదు. కుళాయి నుంచి నీళ్లు పడుతున్నట్టు గీశాక తెలిసింది. తప్పు వారిది కాదు, బొమ్మది.

మీకూ ఎవరైనా ఇలాంటి కాగితం ఇస్తే సిగ్గుపడకండి. అర్థం కాకపోతే కాలేదని చెప్పండి. ఆ మాటే వారికి కావాలి.