నట్టింట్లో యుద్ధ విమానం
(మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



పోయిన ఆదివారం పొద్దున్నే మా పక్కింటావిడ మజ్జిగ తోడుకోసం వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయింది. లోపల నేను కాగితం పట్టుకుని బిగ్గరగా చదువుతున్నాను. "బ్యాటరీ?" "వేశాను." "ఇంధనం పంపు?" "వేశాను." "పైకప్పు?" "మూశాను." ఆవిడకేమీ అర్థం కాలేదు. "ఏందక్కా, పాపకు పరీక్షా?" అంది. పరీక్షేనని చెప్పాను. మా అమ్మాయి విమానం తీస్తోంది. ఆ విమానం ఉన్నది మా నడవలో, కుట్టుమిషను పక్కన, పాత కంప్యూటరులో.

మాది నెల్లూరు జిల్లా సంగం. పెన్న ఒడ్డున ఊరు. తెల్లదొరల కాలంనాటి ఆనకట్ట ఉండేది, 2022లో కొత్త బ్యారేజీ ప్రారంభమయింది. ఇక్కడ తల ఎత్తితే కనిపించేవి కొంగలే. అటువంటి ఊళ్ళో ఇంటరు రెండో సంవత్సరం చదివే పిల్ల యుద్ధ విమానం నేర్చుకుంటానంటే మొదట నవ్వాను. తర్వాత కోప్పడ్డాను. ఆ తర్వాత, ఇదేమిటో తెలియకుండా కోప్పడటమేమిటని పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. కూర్చున్నాక తెలిసినదే ఇవాళ మీకు చెబుతాను. మీ పట్టణాల ఇళ్ళలో గూడా పిల్లలు ఇట్టాంటివి ఆడుతూనే ఉంటారు గదా.

ముందుగా ఒక తేడా చెప్పాలి. ఫోనులో ఆడే విమానాల ఆట వేరు. మన వాయుసేనవారే 2019 జూలై 31న అటువంటి ఆట ఒకటి విడుదల చేశారు, పిల్లలకు వాయుసేన మీద ఇష్టం కలగడానికి. అది వేలితో గీకి ఆడేది. నేను చెప్పేది సిమ్యులేటరు. ఇందులో విమానం లోపలి గది, అంటే పైలట్ కూర్చునే కాక్‌పిట్, మీట మీటగా, ముల్లు ముల్లుగా అసలుదానికి మల్లేనే ఉంటుంది. వరస తప్పి మీటలు వేస్తే ఇంజను కదలదు. మా అమ్మాయి వాడేది డీసీఎస్ వరల్డ్ అనేది. అందులో రెండు విమానాలు, నల్లసముద్రం ఒడ్డున ఉన్న ప్రాంతం పటం డబ్బు కట్టకుండానే ఇస్తారు. దింపుకోవడానికి మా ఊరి ఇంటర్నెట్టుకు రెండు రాత్రులు పట్టింది. కంప్యూటరు మా పెద్దవాడు ఇంజనీరింగుకు చెన్నై పోతూ వదిలిపెట్టినది. కొన్నదల్లా ఒక జాయ్‌స్టిక్, అదీ ఎవరో వాడేసినదే. మా వారు దాన్ని చూసి "రోకలిబండకు ఇంత ధరా?" అన్నారు.

ఈ సిమ్యులేటరు అనేది నిన్నమొన్న పుట్టినదని నేననుకున్నాను. కాదట. దీని పుట్టిల్లు సంగీత వాయిద్యాల కార్ఖానా! అమెరికాలో బింగామ్‌టన్ అనే ఊళ్ళో ఎడ్విన్ లింక్ అనే ఆయన తండ్రికి పియానోలు, ఆర్గన్లు చేసే కార్ఖానా ఉండేది. మన హార్మోనియంలో తిత్తి ఉంటుంది చూశారూ, గాలి పట్టి వదిలేది, అట్టాంటి తిత్తుల మీదే ఆయన ఒక చిన్న విమానం బొమ్మలాంటి పెట్టెను నిలబెట్టి, 1929 నాటికి అది పక్కలకు వొరిగేట్టు, ముక్కు ఎత్తి దించేట్టు చేశాడు. విమానాలవాళ్ళు పట్టించుకోలేదు. తిరునాళ్ళలో రంగులరాట్నంలాగా పైసలు వేసి ఎక్కే ఆటవస్తువుగానే కొన్నారు. 1934లో అక్కడి సైన్యం ఉత్తరాలు మోసే పని నెత్తిన వేసుకుని, మంచులో, చీకట్లో ఎగరడం రాక కొద్ది వారాల్లో పన్నెండుమంది పైలట్లను పోగొట్టుకుంది. అప్పుడు లింక్ పెట్టెలు ఆరు కొన్నారు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసేసరికి సుమారు పదివేల పెట్టెలు తయారయినాయి, సుమారు అయిదులక్షలమంది వాటిలో నేర్చుకున్నారు.

నాకు బాగా నచ్చిన సంగతి వేరే ఉంది. ఆ పెట్టెలో కుర్రవాణ్ణి కూర్చోబెట్టి పైన మూత వేసేస్తారు, బయటేమీ కనిపించకూడదు. పక్కన బల్ల దగ్గర గురువు కూర్చుని, వాడు ఎటు పోతున్నాడో పటం మీద గీత పడుతుంటే చూస్తూ తప్పులు చెబుతూ ఉంటారు. ఆ యుద్ధకాలంలో అట్టా పాఠం చెప్పినవాళ్ళలో చాలామంది ఆడవాళ్ళు! అమెరికా నౌకాదళంలోనూ, ఇంగ్లండులోనూ గూడా. యుద్ధానికి పోయే మగపిల్లలకు గుడ్డి మబ్బులో దారి నేర్పి పంపింది వాళ్ళన్నమాట. ఇది చదివిన రోజునుంచీ కాగితం పట్టుకుని కూర్చోవడానికి నాకు సిగ్గు వేయడం లేదు.

సరే, ఏం నేర్చుకుంటారు?

మా అమ్మాయి మొదట ఎక్కింది మస్టాంగ్ అనే పాత అమెరికన్ యుద్ధ విమానం, రెండు సీట్ల శిక్షణ రకం. అందులో తుపాకులు లేవు. నా ప్రాణం కొంత కుదుటపడింది. కుడిచేత్తో కడ్డీ, ఎడమచేత్తో ఇంజను జోరు పెంచి తగ్గించే మీట. కడ్డీ వెనక్కి లాగితే ముక్కు లేస్తుంది, ముందుకు తోస్తే దిగుతుంది. పక్కకు వంచితే ఆ పక్కకు వొరుగుతుంది. కారు చక్రం తిప్పినట్టు తిప్పితే తిరగదు సుమండీ, సైకిలు మలుపులో వొరిగినట్టు వొరిగి, అప్పుడు లాగితే తిరుగుతుంది. కింద కాళ్ళ దగ్గర మీటలు రెండుంటాయి, మా జాయ్‌స్టిక్‌లో పిడి మెలితిప్పితే ఆ పని జరుగుతుంది. ఈ మస్టాంగ్‌కు ఒక దుర్గుణం. నేలమీద ఒక్కసారిగా జోరు పెంచితే ఆ పెద్ద పంకా బలానికి ఎడమకు ఈడ్చుకుపోతుంది. మొదటి నాలుగు రోజులూ మా అమ్మాయి ఆకాశం చూడలేదు, గడ్డిలోనే తిరిగింది.

లేచిన తర్వాత నేర్చుకోవలసిన పెద్ద పాఠం, పడిపోవడం. బస్సు కిటికీలోంచి చెయ్యి బయటపెట్టడం తప్పేగాని, చిన్నప్పుడు అందరం పెట్టినవాళ్ళమే. అరచెయ్యి ముందంచు కాస్త ఎత్తితే గాలికి చెయ్యి దానంతటదే పైకి లేస్తుంది. ఇంకా ఎత్తుకుంటూ పోతే ఒకచోట లేవడం మానేసి వెనక్కి కొట్టేస్తుంది. విమానం రెక్క సంగతీ అంతే. ముక్కు మరీ ఎత్తితే గాలి రెక్కను అంటిపెట్టుకుని పారకుండా విడిపోతుంది. మొయ్యడం తగ్గిపోతుంది, విమానం రాయిలా జారుతుంది. దీన్ని స్టాల్ అంటారు. అప్పుడు ఏం చెయ్యాలి? పడుతున్నాం గనుక పైకి లాగాలని చెయ్యి కొట్టుకుంటుంది. లాగితే పోయారన్నమాటే. కడ్డీ ముందుకు తోసి, ముక్కు నేలవైపు దించి, వేగం రానిచ్చి, అప్పుడు మెల్లగా ఎత్తాలి. నేల మీదికొస్తుంటే నేలవైపే పొమ్మనడం! ఇది బుద్ధికి చెప్పడం తేలిక, చేతికి చెప్పడానికి మా అమ్మాయికి మూడు వారాలు పట్టింది.

దిగడానికి ఒక చిట్కా ఉంది. రన్‌వే మీద ఎక్కడ దిగాలో ఆ చోటు మీద చూపు నిలపాలి. ఆ చోటు అద్దంలో కదలకుండా పెద్దదవుతూ వస్తే సరిగ్గా పోతున్నట్టు. అది పైకి జరుగుతుంటే మనం ఇవతలే పడతాం, కిందికి జరుగుతుంటే దాటిపోతాం. సూదిలో దారం ఎక్కించే చూపులాంటిదే. దీన్ని నేను అమ్మాయికంటే ముందు పట్టుకున్నాను, కుట్టుపని చేసేదాన్ని గనుక.

ఇక యుద్ధం సంగతి. డబ్బు కట్టకుండా వచ్చే రెండో విమానం సుఖోయ్-25టీ అనేది, దానికి ఆయుధాలున్నాయి. దీపావళి తుపాకీ పేల్చినట్టు ఉంటుందనుకున్నాను. తీరా చూస్తే పేల్చడం చిట్టచివరి పని. అంతకుముందంతా వెతకడమే, ఎదుటివాణ్ణి వాడికంటే ముందు చూడటమే. తర్వాత లెక్క. ఎత్తు అంటే బ్యాంకులో వేసుకున్న డబ్బు, వేగం అంటే చేతిలో ఉన్న చిల్లర. ఎత్తు దిగితే వేగం వస్తుంది, వేగం ఖర్చుపెడితే ఎత్తు వస్తుంది. గట్టిగా మలుపు తిరిగినప్పుడల్లా రెండూ కరిగిపోతాయి. తొందరపడి తిరిగి తిరిగి, ఎత్తూ వేగమూ రెండూ అయిపోయినవాడు నెలాఖరు సంసారిలాగా గాలిలో వేలాడుతుంటాడు, అప్పుడు ఎవడైనా కొట్టొచ్చు. అయినా ఒక మాట ఒప్పుకోవాలి. తెరమీద మంట లేచి "పడిందమ్మా!" అని అది చప్పట్లు కొట్టిన రోజు నాకు అన్నం సయించలేదు. అందులో గూడా ఒక మనిషి ఉన్నట్టే గదా లెక్క అన్నాను. అమ్మాయి మాట్లాడలేదు గాని, చప్పట్లు కొట్టడం మానేసింది.

ఈ పెట్టె నేర్పలేనిదేమిటో గూడా తెలుసుకోవాలి. గట్టిగా మలుపు తిరిగితే శరీరం బరువెక్కుతుంది. అయిదింతల బరువు పడిందంటే యాభై కిలోల పిల్ల రెండువందల యాభై కిలోలన్నమాట. తలలో నెత్తురు కిందికి దిగి కళ్ళు బైర్లు కమ్ముతాయి. కంప్యూటరు తెరను చీకటి చేసి ఊరుకుంటుంది, పిల్ల మాత్రం కుర్చీలో జంతిక నములుతూనే ఉంటుంది. అసలైన లోటు అదీ కాదు. కూలిపోతే ఒక మీట నొక్కడం, మళ్ళీ రన్‌వే మీద నిలబడటం.

2023 డిసెంబరు 4న హైదరాబాదు దగ్గరి దుండిగల్ వాయుసేన అకాడమీనుంచి లేచిన పిలాటస్ శిక్షణ విమానం మెదక్ జిల్లా తూప్రాన్ దగ్గర కూలిపోయింది. నేర్పే అధికారి, నేర్చుకునే పిల్లవాడు, ఇద్దరూ పోయారు. అప్పుడు మా అమ్మాయి పదో తరగతి. టీవీలో ఆ పొగ చూస్తూ నేను దాని ముఖం చూడలేకపోయాను. లేచిపోయి జాయ్‌స్టిక్ తీసి బియ్యం డబ్బా వెనక దాచాను. వారం రోజులు అది అడగలేదు. ఎనిమిదో రోజు వంటింట్లోకి వచ్చి, "దాస్తే నేను మానేస్తాననుకున్నావా అమ్మా, లేక నీకు భయంగా ఉందా?" అనడిగింది. భయంగా ఉందన్నాను. "నాక్కూడా" అంది.

డబ్బా వెనకనుంచి తీసిచ్చాను, ఒక షరతు మీద. రోజుకు ఒక్కటే ప్రాణం. కూలిందా, ఆ రోజుకు కంప్యూటరు కట్టెయ్యాలి, నోటుబుక్కులో తారీఖు వేసి ఎందుకు కూలిందో రాయాలి. మొదట్లో రోజూ రాతే. "చక్రాలు దించడం మరిచాను." "ఎత్తు చూడలేదు." "తొందర." ఈ "తొందర" అన్నమాట మొదటి నెలలో పదకొండుసార్లుంది, నేను లెక్కపెట్టాను. నడిమధ్యలో కరెంటు పోతే ఆ ప్రాణం పోయినట్టా కాదా అని పెద్ద తగువు వచ్చింది. మా వారు మధ్యవర్తిగా కాదని తీర్పు చెప్పారు. ఆ షరతు పెట్టినప్పటినుంచి పిల్ల ఆడే తీరే మారిపోయింది. అంతవరకు నేను చదివే పట్టికకు విసుక్కునేది, తర్వాత తనే అడిగి చదివించుకోవడం మొదలుపెట్టింది.

పట్టణాల్లో అమ్మలు నన్నడిగే ప్రశ్న, ఇది ఉద్యోగానికి పనికొస్తుందా అని. ఇందులో ఎగిరినంత మాత్రాన ఎవరూ పైలట్ కారు. ఇంటరులో లెక్కలు, భౌతికశాస్త్రం ఉండాలి. కంటిచూపుకూ, ఎత్తుకూ, కాళ్ళ పొడుగుకూ కొలతలున్నాయి. నేషనల్ డిఫెన్స్ అకాడమీలోకి ఆడపిల్లలను 2022నుంచి తీసుకుంటున్నారు, మొదటి జట్టులో పదిహేడుమంది 2025 మే 30న చదువు ముగించుకుని బయటికి వచ్చారు. రాతపరీక్ష గట్టెక్కినా, వాయుసేన ఎంపిక బోర్డులో కంప్యూటరు మీద ఒక పరీక్ష ఉంటుంది. కడ్డీ, కాలి మీటలు, జోరు మీట పట్టించి చెయ్యీ కన్నూ కలుస్తాయా అని చూస్తారు. అది జన్మకొక్కసారే. తప్పితే మళ్ళీ కూర్చోనివ్వరు. ఇక్కడ గూడా ఒక్కటే ప్రాణమని తెలిసిననాడు అమ్మాయి నా వంక అదోలా చూసింది.

దారి వేసినవాళ్ళు మాత్రం ఉన్నారు. 2016 జూన్ 18న దుండిగల్‌లోనే అవనీ చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ మన దేశపు తొలి మహిళా యుద్ధ పైలట్లుగా బాధ్యత తీసుకున్నారు. దుండిగల్‌లో పిలాటస్, హకీంపేటలో కిరణ్, బీదరులో హాక్, ఇట్టా మెట్టుమెట్టుగా నేర్చుకున్నారు. అవని 2018 ఫిబ్రవరి 19న జామ్‌నగర్‌లో మిగ్-21ను ఒంటరిగా నడిపింది. ఆ మిగ్-21 మన వాయుసేనలో 1963నుంచి ఉండి, 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో సెలవు తీసుకుంది. ఇప్పుడది మా ఇంట్లోకి వస్తానంటోంది! సిమ్యులేటరులో ఆ కుటుంబంలోదే ఒక రకం డబ్బు కట్టి కొనుక్కోవచ్చు. ఇంకా కొనలేదు, సంక్రాంతి చీర మానుకుంటే చూద్దామన్నాను.

మా వారు దీన్నంతా నవ్వుతూ దూరంనుంచే చూసేవారు. పోయిన నెల విజయవాడ పెళ్ళికి పోతున్నాం. కొరిశపాడు, రేణింగవరం మధ్య హైవే మీద నాలుగు కిలోమీటర్ల పైచిలుకు విమానాలు దిగడానికి కట్టిన దారి ఉంది. 2024 మార్చి 18న వాయుసేన రవాణా విమానాలు ఏఎన్-32, డోర్నియర్ అక్కడ దిగి లేచాయి, సుఖోయ్‌లూ హాక్‌లూ దిగీదిగకుండా మీదినుంచి పోయాయి. బస్సు ఆ చోటు దాటుతుంటే అమ్మాయి కిటికీకి అతుక్కుపోయింది. మా వారు మెల్లగా అడిగారు: "ఇక్కడైతే నువ్వు దించగలవా?" "గాలి ఎటుందో చూడాలి నాన్నా" అంది. ఆయన ఇంకేమీ అనలేదు. చాలాసేపు బయట చెట్ల కొమ్మలు ఎటు ఊగుతున్నాయో చూస్తూ కూర్చున్నారు.

తిరిగొచ్చాక ఒక మధ్యాహ్నం అమ్మాయి నన్ను బలవంతాన కుర్చీలో కూర్చోబెట్టింది. పట్టిక అది చదివింది. గడ్డిలోకి పోకుండా లేచాను, నా గొప్ప నేనే చెప్పుకోవాలి. సముద్రం మీద మలుపు తిరగబోతే ముక్కు లేచింది, వేగం పడిపోయింది. "తొయ్యమ్మా, ముందుకు తొయ్యి" అని అది అరుస్తోంది. కింద నీళ్ళు కనిపిస్తుంటే ఎట్టా తోసేది? రెండు చేతులా లాగాను.

కంప్యూటరు కట్టేసి, నోటుబుక్కు తెచ్చి నా చేతికిచ్చింది. తారీఖు వేశాను. అమ్మ అని పేరు రాశాను. కారణం దగ్గర ఏం రాయాలని అడిగితే, "నీకు తెలుసు గదా" అని పొయ్యిమీద పాలు చూడటానికి లోపలికి పోయింది.